కంపానియన్ ఉద్యోగం

బరంపురంలో మా వీధిలో ఆ మాట మొట్టమొదట పలికింది నాకు ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు చెప్పిన మిషన్ స్కూలు టీచరమ్మ. గోపాల్‌పూర్‌లో సముద్రం ఒడ్డున ఒక ముసలి దొరసాని ఒంటరిగా ఉంటోందని, ఆవిడకి ఒక కంపానియన్ కావాలని, కాస్త ఇంగ్లీషు వచ్చిన ఆడమనిషైతే చాలని మా అమ్మతో చెప్పింది. తెల్లవాళ్లు దేశం వదిలి వెళ్లిపోయి అప్పటికి చాలా ఏళ్లయింది. వెళ్లనివాళ్లు ఒకరిద్దరు గోపాల్‌పూర్ బంగళాల్లో మిగిలిపోయారు. అమ్మ అప్పడాల పిండి దంచుతున్నదల్లా రోకలి ఆపింది.

"ఏటి పనమ్మా అది? వంటా?"

"కాదు. వంటకి వేరే మనిషి ఉంది."

"తుడుపులా?"

"దానికీ ఉన్నారు."

"మరి జీతం దేనికమ్మా?"

టీచరమ్మ కాస్త ఆలోచించి, "ఊరికే తోడుండటానికి," అంది. అమ్మ ఆవిడ వైపు అనుమానంగా చూసింది. మా వీధిలో తోడుకి ఎవరూ జీతం ఇవ్వరు. మగవాళ్లు ఊరెళితే పక్కింటి పిల్లని తోడు పడుకోమంటారు. ఆస్పత్రికి వెళ్లాలంటే ఎదురింటావిడని తోడు రమ్మంటారు. అలాంటిదానికి నెలనెలా డబ్బిస్తామంటే, అందులో ఏదో మెలిక ఉందని అమ్మకే కాదు, నాకూ అనిపించింది.

అయినా అమ్మ ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో చెప్పాలంటే నా చేతుల సంగతి చెప్పాలి. పెళ్లీడు వచ్చేసరికి నా కుడిచేతి వేళ్ల మీద బొల్లి మొదలైంది. ముందు గోరు పక్కన చిన్న చుక్క. తరవాత వేళ్లన్నీ. తరవాత పెదవి పక్కన, మెడ మీద. అది అంటుకునే జబ్బు కాదని బరంపురం పెద్దాసుపత్రి డాక్టరు విడమరిచి చెప్పాడు. కానీ వినాల్సింది నేను కాదు కదా, నేను ఒత్తిన అప్పడాలు కొనేవాళ్లు వినాలి. నాన్న పోయాక మా ఇల్లు అప్పడాల మీదే నడిచేది. ఒకావిడ కొన్న కట్టని తెచ్చి అరుగు మీద పెట్టేసి, డబ్బులు కూడా అడక్కుండా వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి అమ్మ నన్ను పీట దగ్గర కూర్చోనివ్వలేదు.

తరవాత వదిన వచ్చింది, వదినకి పిల్లలు పుట్టారు. నా కంచం, నా గ్లాసు విడిగా పెరటి గుమ్మం దగ్గరికి చేరాయి. అందరూ తిన్నాక నాకు వడ్డించేవారు. నా చేత్తో ఎవరికీ ఏమీ వడ్డించనిచ్చేవారు కాదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే తిరిగి నాలుగు అనేదాన్ని, నాకు ఆ నోరుంది. ఏమీ అనని మనుషులతో పోట్లాడటం ఎలాగో నాకు తెలియలేదు.

గోపాల్‌పూర్ ప్రయాణం సంగతి వీధిలో తెలిశాక ఎదురింటావిడ, "సగం దొరసానివి ఎలాగూ అయిపోనావు, మిగతా సగం అక్కడ అయిపోతావులే," అంది. నేను పడీపడీ నవ్వాను. ఇంట్లోకి వచ్చి ఏడ్చాను.

బయల్దేరేముందు అమ్మ నా ట్రంకుపెట్టెలో ఒక చిన్న గుడ్డమూట పెట్టింది. అందులో ఉన్నవి నిర్మాల్యం మెతుకులు. పూరీ జగన్నాథుడి మహాప్రసాదం ఎండబెట్టినవి. మా వైపు ఒడియావాళ్ల ఇళ్లలోనూ, తెలుగువాళ్ల ఇళ్లలోనూ అవి ఉంటాయి. శుభకార్యానికీ వాడతారు, ప్రాణం పోయేవాళ్ల నోట్లోనూ వేస్తారు. మూట పెట్టి, పెట్టె మూసి, అమ్మ నాతో గట్టిగా చెప్పింది.

"సూడమ్మీ, ఆళ్ల తిండి ముట్టకు. నీ బియ్యం, నీ పొయ్యి, నీ గిన్ని. నీసు తినే మనిషి పక్కన కూకోని తిన్నావని తెలిస్తే మీ వదిన గుమ్మం ఎక్కనివ్వదు. నాను కూడా ఏటీ సెయ్యలేను."

సరేనన్నాను. విడిగా తినడం నాకు కొత్తేమీ కాదు.

బంగళా పాతది. ఉప్పుగాలికి గోడలు పెచ్చులూడిపోయాయి, కిటికీ ఊచలు చేత్తో తాకితే తుప్పు రాలేది. దొరసాని సన్నగా, పొడుగ్గా ఉండేది. మొగుడు ఎప్పుడో పోయాడు. ఆవిడ అంతకుముందు ఏదో కొండ ఊళ్లో ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పిందట. వంటామె మాత్రం మనదే, చేపలు పట్టే నోళియాల వీధి మనిషి, పుట్టిల్లు చమఖండి. ఇంట్లో తెలుగు మాట వినిపించేది ఆవిడ నోటే.

మొదటి నాలుగు రోజులు ఏం చేయాలో తెలియక నా ప్రాణం విసిగిపోయింది. చీపురు పట్టుకుంటే తుడిచే మనిషి అలిగాడు. గిన్నె తీస్తే వంటామె లాక్కుంది.

"నువ్వు కూకో అమ్మా," అంది ఆవిడ. "నీది కూకునే ఉజ్జోగం. మాకు రాలేదు, నీకొచ్చినాది. కూకో."

అలా కూర్చున్నాను. పొద్దున్నే దొరసానితో లైట్‌హౌస్ దాకా నడిచేదాన్ని. బరంపురం నుంచి బస్సులో వచ్చే పేపరు చదివి వినిపించేదాన్ని. తప్పు పలికితే ఆవిడ సరిదిద్దేది, సరిగ్గా పలికితే కళ్లు మూసుకుని వినేది. మిగతా పొద్దంతా ఇద్దరం వరండాలో రెండు కుర్చీల్లో కూర్చుని సముద్రాన్ని చూసేవాళ్లం. అంతసేపు చూడటానికి సముద్రంలో ఏముంటుందో నాకిప్పటికీ తెలియదు.

మధ్యాహ్నం అయ్యేసరికి నేను లేచి వెనక వసారాలోకి వెళ్లిపోయేదాన్ని. అక్కడ నా బొగ్గుల కుంపటి, నా గిన్నె. ఆవిడ భోజనాల గదిలో ఎనిమిదిమంది పట్టే బల్ల ముందు ఒక్కతే కూర్చునేది. మధ్యలో ఒకే గోడ. ఆవిడ చెంచా పళ్లేనికి తగిలిన చప్పుడు నాకు వినిపించేది. నేను అన్నం కలుపుకున్న చప్పుడు ఆవిడకి వినిపించేది కాదు. అంతే తేడా. మా ఇంట్లో పెరటి గుమ్మం దగ్గర తిన్నప్పుడు కనీసం లోపల పిల్లల అల్లరి వినపడేది. ఇక్కడ ఆ చెంచా ఒక్కటే. నన్ను ఇంతకన్నా ఒంటరిగా కూర్చోబెట్టడానికే నెలజీతం ఇస్తున్నారా అనిపించేది.

ఎవరైనా వస్తే దొరసాని, "మై కంపానియన్" అని నన్ను చూపించేది. వచ్చినవాళ్లు తలూపి నా మీదుగా సముద్రాన్ని చూసేవారు. ఒకసారి మందుల కోసం ఇద్దరం బరంపురం వెళ్తుంటే బస్సు కండక్టరు నన్ను చూసి, "ఆయానా?" అని అడిగాడు. ఆవిడకి ముక్కు ఎర్రబడింది. "నాట్ ఆయా. కంపానియన్," అంది. అతను బుద్ధిగా విన్నాడు. విని నా వైపు తిరిగి, ఆయా వెనక సీట్లో కూర్చో అని ఒడియాలో చెప్పాడు.

తిరిగొచ్చాక నేనే అడిగేశాను. ఇంటిపని చెయ్యను, వంట చెయ్యను, మీకు బంధువుని కాను, ఆయాని కాను. మరి నేనెవర్ని, అసలు ఈ మాటకి అర్థం ఏమిటి అని. అలాంటి ప్రశ్న కోసమే చూస్తున్నట్టు ఆవిడ హుషారుగా లేచి, అట్టలు ఊడిపోయిన పెద్ద నిఘంటువు తెచ్చి భోజనాల బల్ల మీద పరిచింది. పాత పంతులమ్మ కదా, మాట విడగొట్టి చెప్పింది. ఇది లాటిన్ నుంచి ఫ్రెంచిలోకి, అక్కడ్నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. కామ్ అంటే కలిసి. పానిస్ అంటే రొట్టె. ఎవరితో కలిసి రొట్టె తింటామో ఆ మనిషి కంపానియన్. కంపెనీ అనే మాట కూడా ఆ రొట్టెలోంచి పుట్టిందే అంది. గంజాంలో కెమికల్ కంపెనీ అంటారే, ఆ కంపెనీయేనా అని అడిగాను. ఆ కంపెనీయే అంది నవ్వుతూ.

అప్పుడు ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఏం చెప్పిందో ఆవిడకే అప్పుడు తట్టినట్టుంది. పుస్తకం మెల్లగా మూసేసింది. ఇద్దరం ఆ ఖాళీ బల్ల వైపు చూశాం.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. ఉద్యోగం పేరే కలిసి తినడం. నన్ను ఇంట్లో కలిసి తిననివ్వరు. ఇక్కడ తింటే ఇంటికి రానివ్వరు. వెనక వసారాలోకి వెళ్లి కుంపటి ఊదుతూ కూర్చున్నాను.

కొన్నాళ్లకి దొరసానికి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గినా ఆవిడ తిండి మానేసింది. పెట్టినవి పెట్టినట్టే తిరిగొస్తున్నాయి. వంటామె నా దగ్గరకొచ్చి, "నాను సెప్పి సెప్పి అలిసిపోనాను. నువ్వెల్లి సెప్పమ్మా. నీది అదే కదేటి ఉజ్జోగం," అంది.

వెళ్లి తినమన్నాను. ఆవిడ ఇంగ్లీషులో మెల్లగా, నాకు అర్థమయ్యేలా చెప్పింది. "నువ్వు నాతో కూర్చుని తినలేవని నాకు తెలుసు. నేను అన్నీ తినే మనిషిని. మీకు నియమాలున్నాయి. అందుకే ఎప్పుడూ అడగలేదు. నువ్వు కాదంటే విని తట్టుకోలేను." ఆయన పోయాక ఆ బల్ల దగ్గర తను ఎవరితోనూ కలిసి తినలేదని కూడా చెప్పింది.

ఇన్నాళ్లూ నేననుకున్నది వేరు. ఆవిడ నన్ను బల్ల దగ్గరకి పిలవకపోవడానికి కారణం నా చేతులనుకున్నాను. రెండు చేతులూ ముందుకి చాపి, "ఇవి చూసి పిలవలేదనుకున్నాను," అన్నాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని నా వేళ్లు పట్టుకుని చూసింది. తరవాత తన చేతులు నా చేతుల పక్కన పెట్టింది. ముసలితనానికి వాటి నిండా గోధుమరంగు మచ్చలు. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వులోనే, "మా ఇంట్లో కూడా నేను ఒక్కదాన్నే తింటాను," అని ఆవిడకి చెప్పాను. ఇంగ్లీషులో కాబట్టి చెప్పగలిగాను. తెలుగులో అయితే ఆ మాట గొంతు దాటేది కాదు.

మర్నాడు బియ్యం కడుగుతుంటే నాకు అమ్మ స్నేహితురాలు గుర్తొచ్చింది. ఆవిడ ఒడియా ఆవిడ, కుమ్మరివాళ్ల ఇల్లాలు. వయసులో ఉన్నప్పుడు అమ్మా ఆవిడా కలిసి పూరీ వెళ్లారు. గుడి ఆనంద బజారులో ఒకరి నోట్లో ఒకరు మహాప్రసాదం పెట్టుకున్నారు. అంతే, ఆ రోజు నుంచి ఒకరికొకరు మహాప్రసాదం అయిపోయారు. మా వైపు అదొక చుట్టరికం. ఇక పేరు పెట్టి పిలుచుకోరు, "మహాప్రసాదం" అనే పిలుచుకుంటారు. ఊళ్లో ఎవరింట్లోనూ మంచినీళ్లు కూడా ముట్టని మా అమ్మ ఆవిడ ఇంట్లో చద్దన్నం తినొచ్చేది. మహాప్రసాదానికి కులం లేదు, ఎంగిలి లేదు, జగన్నాథుడి ముందు అందరూ ఒకటే అనేది.

అయితే ఈవిడ దగ్గర మాత్రం ఆ కులం, ఆ ఎంగిలి ఎందుకుండాలి? ట్రంకుపెట్టె తెరిచాను. అమ్మని అడిగితే వద్దంటుందని తెలుసు. అడగలేదు. తెలిసిన రోజున గుమ్మం బయటే నిలబెడుతుందని కూడా తెలుసు.

దొరసానికి అంతా వివరించాను. వంటామెని సాక్షిగా పిలిచాం. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా మొహం చూసి అంది, "ఉట్టుట్టి సంగతి కాదమ్మా ఇది. సచ్చేవరకూ పోదు. పేరెట్టి పిలవకూడదు. ఒకలు పోతే ఒకలు తానం సెయ్యాల, మైల పట్టాల. ఆలోసించుకో."

ఏమంటోందని దొరసాని అడిగింది. చావు సంగతి కూడా దాచకుండా చెప్పాను. "నాకది కొద్దిరోజుల మాటే. ఎక్కువ రోజులు మొయ్యాల్సింది నువ్వే," అంది ఆవిడ.

వరండాలో ఎదురెదురుగా కూర్చున్నాం. నేను రెండు మెతుకులు ఆవిడ నోట్లో పెట్టాను. ఆవిడ రెండు మెతుకులు నా నోట్లో పెట్టింది. ఆవిడ వేళ్లలోంచి ఒక మెతుకు జారి నా చీర మీద పడింది. అది ఏరుకుని తిన్నాను. ఆ రోజు నుంచి నేను ఆవిడ పేరు పలకలేదు. ఇప్పుడు కూడా రాయను.

ఇక ఆ బల్ల దగ్గర ఇద్దరం. ఆవిడ నాతో తినే పూట గుడ్డు కూడా బల్ల మీదకి రానివ్వలేదు. నేను అడగలేదు, ఆవిడే మానేసింది. వంట నేను చేసేదాన్ని. పప్పుచారు ఆవిడకి ఘాటైతే కళ్లు తుడుచుకుంటూ తినేది. అప్పడాలు మొదలుపెట్టాను. పీట, కర్ర ఆవిడే బరంపురం నుంచి తెప్పించింది. ఇన్నేళ్ల తరవాత కర్ర కింద పిండి గుండ్రంగా సాగుతుంటే నా వేళ్ల వైపు చూస్తూ కూర్చునే మనిషి దొరికింది. కాల్చిన అప్పడం విరిచి ఇస్తే నా చేతిలోంచే అందుకుని తినేది. "మాప్రసా" అని పిలిచేది, అంతకన్నా నాలుక తిరిగేది కాదు. నాకది చాలు.

అంతమాత్రాన ఒంటరితనం పోయిందని చెప్పను. సాయంత్రాలు ఆవిడ పోయినవాళ్ల గురించి చెప్పేది. నాకు చెప్పుకోవడానికి పోయినవాళ్లు నాన్న ఒక్కడే. మిగతా అందరూ బరంపురంలో నిక్షేపంగా ఉన్నారు. పండగలకి ఇంటికెళ్లేదాన్ని. గుమ్మం దగ్గర కూర్చుని నా కంచంలో తిని, ఏమీ చెప్పకుండా తిరిగొచ్చేదాన్ని. అక్కడ అమ్మ వడ్డించి వెళ్లిపోతే, ఇక్కడ బల్ల దగ్గర నాకోసం ఒకావిడ చెంచా పట్టుకోకుండా కూర్చుని ఉంటుందని గుర్తొచ్చి ముద్ద పొలమారేది.

వానలు మొదలైన నెలలో ఆవిడ మంచం పట్టింది. ఈసారి లేవలేదు. డాక్టరు వచ్చి తలూపి వెళ్లాడు. పాద్రీగారు వచ్చి ప్రార్థన చేస్తుంటే నేను పక్కన నిలబడ్డాను. ఆఖరి ఊపిరి తీస్తోందనగా మూటలో మిగిలిన మెతుకులు రెండు ఆవిడ నాలుక మీద పెట్టాను. పాద్రీగారు చూశారు, ప్రార్థన ఆపలేదు. బావి దగ్గర వంటామె చేదతో నా నెత్తి మీద నీళ్లు పోసింది. కట్టుబట్టలతోనే స్నానం చేశాను.

కలకత్తా నుంచి మేనల్లుడు వచ్చాడు. మర్యాదస్తుడు. సమాధి దగ్గర ఎవరో నన్ను చూపించి ఎవరని అడిగితే, "ఓ, ఆమె అత్తయ్య కంపానియన్," అన్నాడు. ఆ మాట అతను ఒక్క తప్పు లేకుండా పలికాడు. వంటామె, తోటమాలి అన్నట్టే పలికాడు. వెళ్లేముందు నాకు రావాల్సిన జీతం, పైన ఇంకొంత చేతిలో పెట్టి, పక్క హోటల్లో ఇంకో ముసలావిడ ఉన్నారని, ఆవిడకీ కంపానియన్ కావాలని, తను చెప్పి పెట్టిస్తానని అన్నాడు. వద్దన్నాను. ఎందుకని అడిగాడు. నా దగ్గర ఉన్న ఇంగ్లీషు దానికి సరిపోలేదు.

ట్రంకుపెట్టె బస్సెక్కించుకుని బరంపురం వచ్చాను. ఇక దాచడానికి లేదు. మైలలో ఉన్నదాన్ని చెప్పకుండా ఇంట్లోకి వెళ్లకూడదు. వీధి గుమ్మం దగ్గరే ఆగి, "నన్ను ముట్టుకోకమ్మా, మైల," అన్నాను.

అప్పడాలు ఎండలో పరుస్తున్న అమ్మ తలెత్తింది. "ఎవులి మైల?"

"దొరసానమ్మ పోనాది."

"పోతే నీకు మైలేటి?"

"ఆవిడ నా మహాప్రసాదం అమ్మా."

వదిన లోపల్నుంచి వచ్చి గడప మీద నిలబడింది. తెల్లావిడతోనా, నీసు తినే మనిషితోనా అని ఏదో అనబోయింది. అమ్మ చెయ్యెత్తి ఆపింది. నేను పెట్టె కింద పెట్టలేదు. పొమ్మంటే ఎక్కడికి పోవాలా అని ఆలోచిస్తున్నాను.

అమ్మ అడిగింది నేను అనుకున్న ప్రశ్న కాదు.

"నీ సేత్తో ఎట్టినావా?"

"ఎట్టినానమ్మా."

"తిన్నాదా?"

"తిన్నాది. రోజూ తిన్నాది."

అమ్మ ఉన్నచోటే అరుగు మీద కూలబడింది. "కన్నదాన్ని నాను," అంది. "నీ సేతి ముద్ద నాను తిన్లేదే. ఆ తల్లి తిన్నాది."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను చూస్తూ గుమ్మం బయటే నిలబడ్డాను. మైలలో ఉన్నాను కాబట్టి దగ్గరికి వెళ్లి అమ్మని ముట్టుకోవడానికి లేదు.